‘ఫ్లోరైడ్ ఊరి పిల్ల’ అన్న పేరు పోయేదెట్లా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక ఊరు. నాకు 27 ఏళ్ళు. ఎమ్మెస్సీ, బీఈడీ పూర్తిచేసి హైదరాబాదులో ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేటు పాఠశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. మా ఊరి బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న రోజుల్లో పుట్టి పెరిగినందువల్ల నా ముందు పండ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. అంతకు మించి నాకు ఏ అనారోగ్యమూ లేదు. మా అక్కకూ ఇవే చారలున్నాయి గానీ, కృష్ణా నీళ్ళు తాగి పెరిగిన ఆమె కొడుకు పండ్లు తెల్లగానే ఉన్నాయి. అయినా కాలేజీలో చేరిన నాటి నుంచి నా అసలు పేరు కన్నా ‘గారపండ్ల పిల్ల’, ‘ఫ్లోరైడ్ ఊరి పిల్ల’ అన్న పేర్లే ఎక్కువగా చలామణి అయ్యాయి. మొన్న ఆరో తరగతి పిల్లవాడొకడు ‘టీచర్, మీరు బ్రష్ చేసుకోరా?’ అని అడిగాడు. వాడిది అమాయకత్వమని తెలిసినా ఆ రోజంతా నోరు విప్పి పాఠం చెప్పలేకపోయాను. నవ్వు వస్తే చున్నీ అడ్డం పెట్టుకోవడం ఎప్పటి నుంచి అలవాటైందో నాకే గుర్తు లేదు.

రెండేళ్ళుగా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఫోటో, చదువు, జాతకం అన్నీ కుదిరిన తరువాత ఊరి పేరు చెప్పగానే అవతలివారి మాట మారిపోతోంది. ఒక కుటుంబం వారు ‘ఆ దిక్కు పిల్లయితే మాకొద్దు, రేపు పుట్టే పిల్లలకు కూడా కాళ్ళు వంకరపోతయి’ అని మధ్యవర్తితో కబురు పంపారు. ఇకమీదట ఊరి పేరు ఎత్తవద్దని, మాది ఇబ్రహీంపట్నం పక్కనని చెప్పమని, వచ్చే సంబంధం లోపల పండ్లకు తొడుగులు వేయించుకోమని మా మేనత్త అంటోంది. మా పెదనాయన నడుం వంగిపోయి కర్ర పట్టుకుని నడుస్తాడు. పోయినసారి పెండ్లిచూపుల రోజు ఆయనను పొద్దున్నే మేనత్త ఇంటికి పంపించారు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మ మాత్రం ‘ఆ నీళ్ళు నేనే తాగిస్తిని’ అని ఏడుస్తోంది. నేను చేయని తప్పుకు ఈ పేరును ఎన్నాళ్ళు మోయాలి? మేనత్త చెప్పినట్టు చేస్తే తప్పా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: మీకు వచ్చిన ఆ కబురుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ మీద పడ్డ పేరుకు ఉన్న బలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది, ఆ మాట పూర్తిగా అబద్ధం. ఫ్లోరోసిస్, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరడం వల్ల వచ్చే ఈ జబ్బు, వంశపారంపర్యంగా వచ్చేది కాదు, ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు. శాశ్వత దంతాలు ఇంకా చిగుళ్ళ లోపల ఉండి వాటి మీద ఎనామిల్ పొర తయారవుతున్న వయసులో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపల, ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ మోతాదు మించిపోతే ఆ పొర సరిగ్గా గట్టిపడక మచ్చలు, చారలు ఏర్పడతాయి. దంతం పూర్తిగా తయారైన తరువాత ఎంత ఫ్లోరైడ్ నీరు తాగినా కొత్తగా ఆ చారలు రావు, అట్లాగే ఎంత తోమినా ఉన్న చారలు పోవు. అందువల్ల అవి మీ శుభ్రతను గురించి గానీ, మీ వంశాన్ని గురించి గానీ ఏమీ చెప్పవు. చిన్నతనంలో మీరు ఏ నీళ్ళు తాగారో అంతవరకే చెబుతాయి. మీ బిడ్డ సురక్షితమైన నీరు తాగి పెరిగితే ఆ బిడ్డకు మీ వల్ల ఈ చారలూ రావు, కాళ్ళూ వంకరపోవు. ఇందుకు మీ అక్క కొడుకు కన్నా దగ్గరి సాక్ష్యం ఇంకొకటి అక్కరలేదు.

మీ అమ్మగారికి కూడా ఈ సంగతి ఓపికగా చెప్పవలసి ఉంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మీ ఊరి బోరులో ఉన్నంత మోతాదుకు రుచిలోనూ తేడా తెలియదు. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఆ హద్దు ఎక్కడ దాటిందో పరీక్ష చేస్తే తప్ప ఏ తల్లికీ తెలిసే వీలు లేదు. బిడ్డల మీద ప్రేమతో ఆమె ఆ నీళ్ళను కాచి, వడపోసి తాగించినా ఫ్లోరైడ్ పోయి ఉండేది కాదు, పైగా కాచినకొద్దీ నీరు ఆవిరై మిగిలిన నీటిలో దాని సాంద్రత ఇంకా పెరిగేది. మీ ప్రాంతపు గ్రానైటు శిలల్లో ఉన్న ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరింది. చెరువులకు నీరు రాక, నది నీరు అందక, బోరు తప్ప వేరే దిక్కు లేని ఊళ్ళు ఆ నీటినే తాగాయి. ఇందులో నింద పడవలసిన వారు ఎవరైనా ఉంటే, కృష్ణ ఒడ్డునే ఉన్న జిల్లాకు తాగునీరు ఇవ్వడానికి దశాబ్దాలు తీసుకున్న పాలకులే గానీ, బిందెతో నీళ్ళు మోసుకొచ్చిన మనిషి కాదు.

మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది నల్లగొండలో కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి ప్రాంతంలో దీనిని గుర్తించారు. అయినా తెలుగునాట ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ పేరే నోటికి వస్తుంది. పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు రూపొందించినప్పుడు దానికి కూడా ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే స్థిరపడింది. ఆఫ్రికా దేశాల నీటి ఇంజనీర్లు సైతం ఆ పేరుతోనే దానిని చదువుకుంటారు. జబ్బుకు మీ జిల్లా పేరు తగిలించిన లోకం, దానిని ఆపే పద్ధతికి కూడా అదే పేరు ఉందని గుర్తుపెట్టుకోకపోవడం న్యాయం కాదు, కానీ లోకరీతి అట్లాగే ఉంటుంది.

మీరు పుట్టకముందు మీ జిల్లా వాళ్ళు ఈ పేరుకు ఇచ్చిన ఒక జవాబును ఇక్కడ గుర్తుచేయాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో మామూలు మనుషులు నామినేషన్లు వేయగా, నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది. వాళ్ళు ‘మాకు ఆ జబ్బు లేదు’ అని చెప్పుకోవడానికి నిలబడలేదు, ‘మా నీళ్ళ సంగతేమిటి’ అని అడగడానికి నిలబడ్డారు. ఒక ప్రాంతం మొత్తం మీద పడ్డ పేరును ఒంటరిగా ఒక ఆడపిల్ల, అదీ పెండ్లిచూపుల చాప మీద కూర్చుని, తుడిచివేయడం సాధ్యం కాదు. ఆ భారం మీది కాదని ముందు మీరు ఒప్పుకోండి.

ఇక మీ మేనత్త సలహా. ఆమె మీ మేలు కోరే చెబుతోంది, అయినా అందులోని రెండు భాగాలను విడదీసి చూడాలి. పండ్లకు వైద్యం చేయించుకోవడంలో తప్పేమీ లేదు. మీ నోరు మీది, అద్దంలో చూసుకునేదీ మీరే. అయితే ‘వచ్చే సంబంధం లోపల’ అనే తొందర మంచిది కాదు. చారల లోతును బట్టి బ్లీచింగ్, పై పొరను సన్నగా అరగదీసే మైక్రో అబ్రేషన్, పంటి రంగు పదార్థంతో వేసే కాంపోజిట్ పూత, దంతం ముందువైపు అతికించే పలుచని పెంకుల్లాంటి వెనీర్లు వంటి పద్ధతులున్నాయి. పూర్తి తొడుగు వేయాలంటే బాగున్న దంతాన్ని చుట్టూ అరగదీయవలసి వస్తుంది, ఒకసారి అరగదీసిన దంతం మళ్ళీ పూర్వపు స్థితికి రాదు. కాబట్టి తక్కువ నష్టంతో అయ్యే పద్ధతి నుంచి మొదలుపెట్టమని అడగండి. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకుని, వాళ్ళ అభిప్రాయం తెలుసుకున్న తరువాతే ప్రైవేటు వైద్యుని దగ్గర డబ్బు పెట్టాలో వద్దో నిర్ణయించుకోండి. మెడ, నడుము పట్టేయడం, కీళ్ళ నొప్పులు వంటివి ఎప్పుడైనా ఉంటే ఎముకల వైద్యునికి కూడా ఒకసారి చూపించుకోండి. ఇది ఎవరికో రుజువు చూపడానికి కాదు, మీ ఆరోగ్యం కోసం.

ఊరి పేరు దాచే సలహా మాత్రం నాకు నచ్చలేదు, అందుకు కారణం నీతి కన్నా ముందు లెక్క. పెండ్లి పత్రిక మీద ఊరి పేరు వేయక తప్పదు, బతుకమ్మ పండుగకు మీరు పుట్టింటికి రాక తప్పదు, మీ వాళ్ళు అక్కడికి వచ్చిపోక తప్పదు. పెండ్లి తరువాత బయటపడ్డ నాడు ‘ఫ్లోరైడ్ ఊరి పిల్ల’ అన్న అన్యాయమైన పేరుకు తోడు ‘మోసం చేసి అంటగట్టిన్రు’ అన్న మాట కూడా వస్తుంది, రెండోదానికి మీ దగ్గర జవాబు ఉండదు. ఇప్పుడు ఊరి పేరు విని లేచిపోతున్నవాళ్ళు మీకు బాధ కలిగిస్తున్నారు, నిజమే. కానీ ఆ మాట ముందే విని కూడా కూర్చునే కుటుంబం ఏదో తెలుసుకోవడానికి మీ దగ్గర ఉన్న ఒకే ఒక సాధనం అదే. అటువంటి కుటుంబం త్వరలోనే దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. మరికొన్ని సంబంధాలు ఇట్లాగే తప్పిపోవచ్చు.

మధ్యవర్తి ద్వారా కాకుండా, మీ నాయన గానీ మీరు గానీ మొదటి మాటల్లోనే సూటిగా చెప్పండి: ‘మా ఊరి బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉండె. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగినందుకు పండ్ల మీద మరకలు పడ్డయి. ఇది పిల్లలకు వచ్చేది కాదు. మా పెద్దబిడ్డ కొడుకును చూడుండ్రి.’ అంతటితో ఆపండి. ఇంకా అనుమానముంటే వాళ్ళకు తెలిసిన వైద్యుణ్ణి అడగమనండి. పెండ్లి చేసుకోబోయే వారికి, వారి తల్లిదండ్రులకు ఈ వివరం అడిగే హక్కు ఉంది. బస్సులో పక్క సీటు ఆవిడకు, కాలేజీ వాట్సాప్ గ్రూపులో హాస్యమాడే వాళ్ళకు ఆ హక్కు లేదు. అడిగిన ప్రతివారికీ మీ పండ్ల చరిత్ర చెప్పుకుంటూ పోతే మీరే ఆ పేరును ఊరూరా తిప్పినట్టవుతుంది.

పిల్లవాడి సంగతి వేరు. మీరు చెప్పేదే రసాయనశాస్త్రం. నీటిలో కరిగిన లవణాల పాఠం వచ్చినప్పుడు, వాళ్ళు అడగకముందే, మీ పండ్లను ఉదాహరణగా చూపి నాలుగు మాటలు చెప్పండి. పిల్లలకు కారణం దొరికితే కుతూహలం తీరిపోతుంది, రెండో రోజు దాని ఊసే ఎత్తరు. ఈ విషయంలో పెద్దల కన్నా పిల్లలే నయం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది మీ పెదనాయన. ఏళ్ళ తరబడి అదే నీళ్ళు తాగి, ఎండలో పని చేసినందున ఇంకా ఎక్కువగా తాగి, బహుశా ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుని ఆయన నడుం వంగి ఉంటుంది. మీకు పండ్ల దగ్గర ఆగింది, ఆయనకు ఆగలేదు. మీ మధ్య ఉన్న తేడా తాగిన నీళ్ళది, తాగిన కాలానిది. ఇటువంటి పేరు పడినవాళ్ళకు దాని నుంచి బయటపడే ఒక దొడ్డిదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది: ‘నేను అంత కాదు, నాది కొంచెమే, అసలు రోగం వాళ్ళది’ అని తమకన్నా ఎక్కువ నష్టపోయిన వాళ్ళ మీదికి ఆ పేరును తోసివేయడం. ఆ రోజు పొద్దున మీ ఇంట్లో జరిగింది అదే. మీకు ఇతరులు చేస్తున్న అన్యాయాన్నే మీ ఇంటివాళ్ళు ఆయనకు చేశారు, ఆయన మాట్లాడకుండా వెళ్ళిపోయినందువల్ల అది చిన్నది కాదు. మీరు ఉత్తరంలో ఆయన గురించి రాశారంటే ఈ సంగతి మీ మనసుకు ముందే తట్టింది. తరువాతి సంబంధం వచ్చినప్పుడు పెదనాయన ఇంట్లోనే ఉండాలని, ముందు వరుసలో కుర్చీ మీదనే కూర్చోవాలని మీ నాయనకు గట్టిగా చెప్పండి. ఇంటి పెద్దగా వచ్చినవాళ్ళతో మొదటి మాట ఆయన చేతనే మాట్లాడించండి. మేనత్తకు కోపం వస్తే రానివ్వండి.

ప్రశ్న: నాది మహబూబ్‌నగర్ జిల్లా కోయిలకొండ మండలం. సివిల్ ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థలో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. మా అమ్మానాన్నలు ఏళ్ళ తరబడి పుణె, ముంబయి వైపు కూలికి పోయారు. నేను మా అవ్వ దగ్గర, తరువాత ప్రభుత్వ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. ఆఫీసులో నా జిల్లా తెలిసినప్పటి నుంచి సరదాగా ‘పాలమూరు లేబర్’ అని పిలుస్తున్నారు, సైటులో కూలీలను చూపి ‘మీవాళ్ళే కదా’ అంటున్నారు. మొదట్లో నేను కూడా నవ్వాను. తరువాత మా నాన్న రైతు అని మాత్రమే చెప్పడం మొదలుపెట్టాను. పోయిన నెల ఆయన నా సైటు చూడడానికి వస్తానంటే ఏదో సాకు చెప్పి వద్దన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పిలుపును ఆపడం ఎట్లా?
— పాలమూరు యువకుడు

జవాబు: మీ పరిస్థితికీ పై పాఠకురాలి పరిస్థితికీ ఒక తేడా ఉంది. ఆమె గురించి చెప్పే మాట అబద్ధం, కాబట్టి దానిని వివరాలతో ఖండించవచ్చు. మీ గురించి చెప్పే మాటలో అబద్ధం లేదు, తిట్టుగా మార్చిన నిజం ఉంది. ఇటువంటి చోట ఖండన పనిచేయదు. ‘నేను లేబర్‌ను కాదు, ఇంజనీరును’ అని మీరు అన్న ప్రతిసారీ లేబర్ అంటే తక్కువేనని వాళ్ళతో పాటు మీరూ ఒప్పుకున్నట్టవుతుంది, ఆ మాట పోయి మీ నాన్నకు తగులుతుంది. సాకు చెప్పిన రాత్రి మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

కృష్ణ, తుంగభద్ర రెండూ పారే జిల్లాలో పొలాలు ఎండిపోవడం, కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కుటుంబాలు కట్టుబడి ఊళ్ళు విడిచిపోవడం, ఇంటి దగ్గర ముసలివాళ్ళూ పిల్లలే మిగలడం అక్కడి వాళ్ళు కోరి తెచ్చుకున్నవి కావు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడన్న మాట ఊరికే పుట్టలేదు. 2016లో పాత జిల్లాను విడదీశారు, 2019లో నారాయణపేట కూడా వేరైంది, అయినా పాలమూరు అనగానే జనానికి తట్టేది వలసే. ఈ నిర్మాణ రంగంలో పనిచేస్తూ ఆ చేతుల విలువ తెలియని ఇంజనీర్లను చూస్తే నాకు వాళ్ళ చదువు మీదే అనుమానం కలుగుతుంది.

ఆచరణలో చేయవలసింది ఇది. ఈసారి ఎవరైనా ఆ పిలుపు పిలిచినప్పుడు నవ్వవద్దు, కోపంతో ఊగిపోవద్దు. ‘అవును, మా నాన్న పుణెలో బిల్డింగు పని చేసిండు. ఆ కూలి పైసలతోనే నేను చదువుకున్న. అందుల నవ్వేటిదేమున్నది?’ అని మామూలు గొంతుతో, నలుగురిలో, ఒకే ఒకసారి అనండి. స్నేహంగా పిలిచినవాళ్ళు అంతటితో సర్దుకుంటారు. ఆ తరువాత కూడా మానని వాళ్ళు ఉంటే అది సరదా కాదని తేలిపోయినట్టే. తేదీ, మాట, విన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టుకుని మానవ వనరుల విభాగానికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఆ మాటల్లో కులం ప్రస్తావన కూడా కలిసి, మీరు షెడ్యూల్డు కులానికి లేదా తెగకు చెందినవారైతే, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మీకు వర్తిస్తుందేమో న్యాయవాదిని అడిగి తెలుసుకోండి. మీ కింద పనిచేసే కూలీలను మీరు ఎట్లా పిలుస్తున్నారో కూడా ఒకసారి గమనించుకోండి. పేరుతో పిలవకుండా ‘ఏ లేబర్’ అని కేకవేసే అలవాటు సైటు మీద ఎవరికైనా సులభంగా అంటుకుంటుంది.

మీ నాన్నకు ఈ రోజే ఫోను చేసి రమ్మనండి. సైటు లోపలికి బయటివారిని తీసుకుపోవాలంటే భద్రతా అధికారి అనుమతి కావాలి గనుక ముందురోజే అడిగి, ఆయన పేరు మీద పాసు రాయించి, హెల్మెట్, బూట్లు సిద్ధం చేయించండి. పాసు మీద సందర్శకుని వృత్తి అనే గడి ఉంటే అందులో ఏం రాయాలో ఆయననే అడగండి.